పెళ్లి మాట వచ్చేసరికి

కర్నూలు జిల్లా ఆదోని మండలంలో సంతెకుడ్లూరు అనే ఊరుంది. ఏటా హోలీకి అక్కడి మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. పూలు పెట్టుకుని, నగలు వేసుకుని రతీమన్మథుల గుడికి వెళ్లి మొక్కు తీర్చుకుంటారు. చదువుకున్నవాళ్లూ, ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ కూడా ఇందులో ఉంటారు. ఎవరూ వెక్కిరించరు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చినా ఇంతే. మగవాళ్లు ఆడవేషం కట్టుకుని బజార్లో నడిచి వెళుతుంటే జనం దండం పెడతారు.

అవే ఊళ్లలో, పండగ కాని రోజున, ఒక కుర్రాడు తనకు చీర కట్టుకోవాలని ఉందంటే మాత్రం మొదట చెంప పగులుతుంది. ఆ తర్వాత భూతవైద్యుడో, డాక్టరో, మేనత్త కూతురితో సంబంధమో ఏదో ఒకటి వెతుకుతారు.

తెలుగు సమాజం లైంగిక వైవిధ్యాన్ని ఒప్పుకుంటుందా అంటే సూటిగా జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. మొక్కుగా, వేషంగా, వేడుకగా వస్తే ఒప్పుకుంటుంది. అదే ఒక మనిషి స్వభావంగా, అందులోనూ సొంత ఇంట్లో మనిషి స్వభావంగా వస్తే తట్టుకోలేదు. గత పదేళ్లలో చట్టం మారింది, టీవీ మారింది, వాడే మాటలు కూడా కొంత మారాయి. ఎంత మారిందో కొలవాలంటే మాత్రం కోర్టు తీర్పులు చూసి లాభం లేదు, పెళ్లిచూపుల దగ్గరకు వెళ్లాలి.

మన కళల చరిత్ర చూసి మురిసిపోయేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చూపించడానికి సరుకు కూడా బాగానే ఉంది. కూచిపూడిలో తరతరాలుగా సత్యభామ వేషం మగవాళ్లదే. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి కుర్రాడూ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణశర్మ భామగా జడ ముందుకు వేసుకుని నిలబడితే తెర వెనక ఉన్నది మగవాడని నమ్మడం కష్టమయ్యేదట. నాటకరంగంలో స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కోనసీమ జిల్లా ర్యాలిలో గుళ్లో విగ్రహం ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక్కి వెళ్లి చూస్తే మోహిని. విరాటుడి కొలువులో బృహన్నల సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇవన్నీ చూపించి 'మన సంస్కృతికి ఇదేం కొత్త కాదు' అంటారు. అందులో సగమే నిజం. భామ వేషం కట్టిన కళాకారుడు రంగు కడిగేసుకున్నాక ఇంటికి వెళ్లి భార్యాపిల్లలతో భోంచేసే గృహస్థు. అర్జునుడి అజ్ఞాతవాసానికి ఒక ఏడాది గడువుంది. వేషం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో అందరికీ తెలుసు. సంసారానికి ఢోకా లేనంతవరకు ఆ వేషం ఎంత అందంగా ఉంటే అంత మెచ్చుకోలు. అందుకని ఈ సంప్రదాయాన్ని సహనానికి సాక్ష్యంగా చూపించేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండటం మంచిది.

వేషం తీయడానికి ఇష్టపడనివాళ్లకు సమాజం ఇంకో చోటు చూపించింది. అది ఇంటి బయట. హిజ్రాల జమాత్‌లో, అంటే వాళ్ల సమూహంలో, గురువు ఉంటారు, చేలాలు అనే శిష్యులు ఉంటారు, సొంత కట్టుబాట్లు, సొంత పంచాయితీలు ఉంటాయి. పుట్టిన ఇల్లు వదిలి వచ్చినవారికి అదే ఇల్లు. కొత్త షాపు తెరిచినా, బిడ్డ పుట్టినా వాళ్ల దీవెన కావాలి. వాళ్ల నోట శాపం రాకూడదన్న భయమూ ఉంది. గౌరవం, భయం, చీదరింపు మూడూ కలిసిన ఈ వైఖరిని చాలామంది 'అంగీకారం' అనుకుంటారు. గృహప్రవేశానికి వచ్చి వేలకు వేలు అడుగుతున్నారని అపార్ట్‌మెంట్ సంఘాలు పోలీసుల దగ్గరకు వెళ్లడం హైదరాబాద్‌లో మామూలే. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే అదే అపార్ట్‌మెంట్‌లో ఒక హిజ్రాకు ఫ్లాట్ అద్దెకిస్తారా, వంటమనిషిగా పెట్టుకుంటారా అంటే అక్కడ మాట తెగిపోతుంది. పని దొరకని చోట దీవెనే వ్యాపారం అవుతుంది.

వాళ్ల మీద పాలకుల చూపు ఎలా ఉండేదో తెలియాలంటే నిజాం కాలంనాటి ఒక చట్టం చాలు. ఫసలీ 1329, అంటే 1919లో వచ్చిన తెలంగాణ యూనక్స్ యాక్ట్. దాని ప్రకారం హిజ్రాల పేర్లు, చిరునామాలతో రిజిస్టరు రాయాలి. అందులో పేరున్న మనిషి ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని బజార్లో కనబడినా, నలుగురి ముందు పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో ఉన్న ధోరణే ఇందులోనూ కనిపిస్తుంది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండయింది, ఈ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. 2018లో ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలు హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల బెంచ్ దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పెన్షన్ ఇవ్వాలని కూడా చెప్పింది.

ఆంధ్రప్రదేశ్‌లో పెన్షన్ అంతకు ముందే మొదలైంది. 2017 చివర్లో ట్రాన్స్‌జెండర్ విధానం ప్రకటించినప్పుడు నెలకు 1,500 రూపాయలు అన్నారు, ఇప్పుడది 4,000. ఈ డబ్బు గురించి చిన్నచూపు అక్కర్లేదు. ఒకటో తారీఖున గుమ్మంలోకి వచ్చి పేరు పిలిచి పెన్షన్ ఇస్తున్నారంటే, ఆ ఊళ్లో, ఆ ఇంట్లో ఆ మనిషి ఉన్నట్టు వీధి వీధంతా విన్నట్టే. పేరు దాచి, బస్సెక్కి బొంబాయి వెళ్లిపోయిన తరానికి ఈ మాట అర్థమవుతుంది.

2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాకుండా 'ఇతరులు' అనే గడిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి నమోదైనవారు 43,769 మంది. ఇది తక్కువ లెక్కేనని ఆ రంగంలో పనిచేసేవాళ్లంతా అంటారు. తెలియని మనిషి పలక పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఇంటిపెద్ద 'మగ' అని రాయించి పంపేస్తాడు. ఇక మగవాణ్ణి ప్రేమించే మగవాడికీ, ఆడదాన్ని ప్రేమించే ఆడదానికీ ఏ లెక్కలోనూ గడి లేదు.

వాళ్లను పిలవడానికి సరైన మాట కూడా లేదు. తెలుగు పత్రికలు ఏళ్ల తరబడి 'స్వలింగ సంపర్కులు' అని రాశాయి, ఇప్పటికీ రాస్తున్నాయి. ఆ మాటలో మనిషి లేడు, మంచం మాత్రమే ఉంది. ఆడామగా పెళ్లి చేసుకున్న జంటను 'భిన్నలింగ సంపర్కులు' అని ఏ శుభలేఖలోనూ అచ్చు వేయరు కదా. వీధిలో వాడే మాటలు ఇంకా దారుణం: తేడా, కొజ్జా, పాయింట్ ఫైవ్. సినిమా కామెడీ ట్రాకులు ఈ మాటల మీదే దశాబ్దాలు బతికాయి. నడక కొంచెం వంకరగా, గొంతు కొంచెం సన్నగా ఉన్న పాత్ర తెర మీదకు వస్తే చాలు, డైలాగ్ రాకముందే హాలు నవ్వేది. బడిలో అలాంటి పిల్లాడు పక్కన కూర్చుని ఉంటాడని రాసినవాళ్లకూ తట్టలేదు, నవ్వినవాళ్లకూ తట్టలేదు. ఈమధ్య 'స్వలింగ ప్రేమికులు', 'క్వీర్' అనే మాటలు యూట్యూబ్ ఇంటర్వ్యూల్లోనూ, వెబ్ పత్రికల్లోనూ వినబడుతున్నాయి. అమ్మతో మాట్లాడేటప్పుడు వాడగలిగే తెలుగు మాట మాత్రం ఇంకా పుట్టలేదు. చాలామంది పిల్లలు ఇంట్లో విషయం చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంగ్లీషులోకి మారిపోతారు. అమ్మకు ఇంగ్లీషు రాకపోతే 'నాకు పెళ్లి వద్దు' దగ్గరే ఆగిపోతారు.

అసలు కథ అక్కడే మొదలవుతుంది.

'పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు' అని సామెత. మొదటి సగాన్ని తెలుగు కుటుంబాలు వైద్యంగా వాడుకున్నాయి. తాగుడు మానడం లేదా, పెళ్లి చేయండి. చదువు అబ్బడం లేదా, పెళ్లి చేయండి. కొడుకు ఆడపిల్లల వైపు చూడటం లేదా, మరీ త్వరగా పెళ్లి చేయండి. పెళ్లి ఇక్కడ ఇద్దరి మధ్య ఇష్టం వ్యవహారంగా ఎప్పుడూ లేదు. కులం నిలబడటానికి, ఆస్తి చేయి దాటకుండా ఉండటానికి, ముసలితనంలో దిక్కుకు, తలకొరివికి, చుట్టాల్లో తలెత్తుకు తిరగడానికి అన్నిటికీ అదే పునాది. అందుకే కులాంతర వివాహానికి తలలు తెగిన చోట స్వలింగ ప్రేమకు విడిగా కొత్త శత్రుత్వం అవసరం లేదు. ఉన్న కంచే దానికీ సరిపోతుంది.

ఆ కంచె ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూస్తే మతం, పాపం లాంటి మాటలు తక్కువగా వినిపిస్తాయి. వినిపించేది 'చెల్లెలి పెళ్లి కావాలి కదా' అనే మాట. అన్న సంగతి బయటపడితే చెల్లెలికి సంబంధాలు రావు. వచ్చినా కట్నం పెంచుతారు. బాబాయి వ్యాపార భాగస్వామి మొహం చాటేస్తాడు. తండ్రి ఊళ్లో పెద్దమనిషిగా తీర్పు చెప్పడానికి కూర్చోలేడు. నలుగురు ఏమనుకుంటారోనన్న భయాన్ని పిరికితనం అని కొట్టిపారేయడం తేలికే. ఆ నలుగురూ కల్యాణమండపంలో, ఆస్పత్రిలో, శవం దగ్గర నిలబడే నలుగురు కూడా. వాళ్లను పోగొట్టుకున్న కుటుంబానికి ప్రభుత్వం గానీ, బీమా గానీ ఆ స్థానం పూడ్చదు. అమీర్‌పేట హాస్టల్లో, మాదాపూర్ పీజీలో ఎవరికీ పట్టని స్వేచ్ఛ అనుభవించిన కుర్రాడు సంక్రాంతికి ఊరెళ్లి నోరెత్తకపోవడానికి ఈ లెక్కే కారణం.

ఈ లెక్కలో ఎవరూ కలపని మనిషి ఒకరున్నారు: అలాంటి కుర్రాడికి కట్టబెట్టిన అమ్మాయి. ఆమెకు ఏమీ చెప్పరు. పెళ్లయ్యాక లోపం తనలోనే ఉందనుకుంటుంది. రంగు తక్కువనో, ఒళ్లు ఎక్కువనో తనను తాను తిట్టుకుంటుంది. రెండేళ్లకు పిల్లలేరని అత్తగారు అడిగేది ఆమెనే. విషయం తెలిశాక పుట్టింటికి వెళితే 'సర్దుకుపోవాలి' అంటారు. విడాకుల కాగితాల్లో అసలు కారణం రాయించడానికి రెండు కుటుంబాలూ ఒప్పుకోవు కాబట్టి, ఆ కాగితాలు తిరగేసి ఇలాంటి పెళ్లిళ్లు ఎన్నో లెక్క కట్టడం కూడా అసాధ్యం. వైవిధ్యం గురించి మాట్లాడేవాళ్లు ఈ అమ్మాయి గురించి మాట్లాడకపోవడం పెద్ద లోటు. సంప్రదాయం పేరు చెప్పేవాళ్లకు ఆమె గుర్తుకు రాకపోవడం అంతకంటే పెద్దది. ఆడపిల్లలకు అన్యాయం జరగకూడదని నిజంగా అనుకునే తల్లిదండ్రులు మొదట ఆపాల్సింది ఇలాంటి పెళ్లినే.

ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్ల సంగతి ఇంకో రకం. ఇద్దరు అమ్మాయిలు ఒక గదిలో ఉంటే, ఒక స్కూటీ మీద తిరిగితే, ఒక కంచంలో తింటే ఎవరూ అనుమానించరు. స్నేహితురాళ్లు అనుకుంటారు. ఆ ముసుగు పాతికేళ్ల వయసు దాకా బాగా పనికొస్తుంది. ఆ తర్వాత సంబంధాలు మొదలవుతాయి. మగపిల్లాడైతే 'ఇంకా సెటిల్ కాలేదు' అని నాలుగేళ్లు నెట్టుకురావచ్చు. ఆడపిల్లకు ఆ వీలు తక్కువ, జీతం తక్కువ, ఫోన్ లాక్కోవడం తేలిక, గదిలో పెట్టి గడియ వేయడం తేలిక. 2024లో ఇలాంటి వ్యవహారమే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకెళ్లి ఇంట్లో ఉంచేశాడని రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే) పిటిషన్ వేసింది. ఇంట్లో ఉంచేసిన అమ్మాయి మేజర్, ఎవరితో ఉండాలన్నది ఆమె ఇష్టం, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని డిసెంబరులో కోర్టు చెప్పింది. ఆ బెంచ్ మీద ఉన్న జస్టిస్ రఘునందన్ రావు, జస్టిస్ మహేశ్వరరావు ఇద్దరూ తెలుగువాళ్లే. ఇలాంటి తీర్పు ఢిల్లీ నుంచి దిగుమతి అయిన ఆలోచన అని కొట్టిపారేసేవాళ్ల కోసం ఈ చిన్న సంగతి.

ఢిల్లీ తీర్పుల వరస అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చాలు. 2009లో ఢిల్లీ హైకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377 సెక్షన్ కోరలు పీకింది, 2013లో సుప్రీంకోర్టు వాటిని మళ్లీ పెట్టింది, 2014లో నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను గుర్తించింది, 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదన్నారు. 2024 జులైలో ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 అనేదే లేదు. (దాంతోపాటు మగవాడి మీద జరిగే అత్యాచారానికి ఉన్న ఒక్క సెక్షనూ పోయింది. దాని గురించి ఎవరికీ పట్టినట్టు లేదు.)

నేరం కాదన్నంతవరకు తెలుగు ఇళ్లలో పెద్ద చర్చే జరగలేదు. పెళ్లి మాట వచ్చేసరికి జరిగింది. స్వలింగ వివాహాన్ని గుర్తించాలని సుప్రీంకోర్టులో వేసిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉండే జంటే. ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ. 2021 డిసెంబరులో హైదరాబాద్‌లోనే కుటుంబాల మధ్య వేడుక చేసుకున్నారు. పరాయి ఊరు ఇచ్చే ధైర్యం ఒకటి ఉంటుంది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పెళ్లిని ప్రాథమిక హక్కుగా ఒప్పుకోలేదు, ఆ సంగతి పార్లమెంటు చూసుకోవాలంది. ఆ తర్వాత ఏడాదికి కేంద్రం రెండు చిన్న పనులు చేసింది. ఇలాంటి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి అడ్డులేదని చెప్పింది. రేషన్ కార్డు కోసం వాళ్లను ఒకే ఇంటివాళ్లుగా చూడాలని రాష్ట్రాలకు రాసింది. పెళ్లికి ఒప్పుకోని దేశం రేషన్ కార్డులో ఒక కుటుంబంగా రాయమంటోంది. నవ్వులాటగా అనిపించినా, రేషన్ కార్డులో పేరు ఉండటం అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

జనం మనసు మారిందని చెప్పే లెక్కలూ ఉన్నాయి. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ సర్వేల్లో స్వలింగ ప్రేమికులను సమాజం ఒప్పుకోవాలన్న భారతీయులు 2014లో నూటికి 15 మంది, 2019లో 37 మంది. 2023లో స్వలింగ వివాహాలకు చట్టబద్ధతే ఇవ్వొచ్చన్నవాళ్లు 53 మంది. అంకెలు ఘనంగానే ఉన్నాయి. కానీ సర్వే వాళ్లు అడిగేది పరాయివాళ్ల పిల్లల గురించి. 'మీ అబ్బాయి అయితే?' అని అడిగితే అంకె ఎక్కడ నిలబడుతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

అయినా ఏమీ కదల్లేదనడం తప్పు. 2021లో తెలుగు బిగ్‌బాస్ అయిదో సీజన్‌లో ట్రాన్స్ మహిళ ప్రియాంక సింగ్ వారాల తరబడి ఇంటింటా కనబడింది. అంతకు ముందు ఆమెను కామెడీ షోలో లేడీ గెటప్‌గా చూసి నవ్విన ఇళ్లే అవి. ఈసారి ఆమె అలిగింది, వండింది, ఏడ్చింది, అందరిలాగే ఓట్లు అడిగింది. 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకు సాయంగా 39 మంది ట్రాన్స్‌జెండర్లు యూనిఫాం వేసుకున్నారు. సిగ్నల్ దగ్గర అద్దం దించడానికి భయపడిన చోటే ఇప్పుడు వాళ్లు చెయ్యి చూపిస్తే బండి ఆపాలి. ఇదే సమయంలో నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం ట్రాన్స్‌జెండర్లే నడిపిన మొదటి క్లినిక్‌గా పేరున్నది, అమెరికా సాయం నిలిచిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది. పరాయి డబ్బు మీద నిలబడిన మార్పు ఎంత పలచనో దాన్నిబట్టి తెలిసింది.

ఇళ్లలో జరుగుతున్న మార్పు మరీ నెమ్మది, చూడటానికి కాస్త వింతగా కూడా ఉంటుంది. పూర్తిగా వెలివేయడం తగ్గి బేరాలు మొదలయ్యాయి. 'ఇంటికి రా, కానీ చీకటి పడ్డాక రా.' 'పండక్కి రా, ప్యాంటు చొక్కాలో రా.' 'నీ ఫ్రెండ్‌ని తీసుకురా, ఫ్రెండ్ అనే చెప్పు.' అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ బేరం సముద్రం మీదుగా సాగుతుంది. అక్కడ 2015 నుంచి దేశమంతటా స్వలింగ వివాహం చట్టబద్ధం కాబట్టి కొడుకు పెళ్లి డల్లాస్‌లో జరిగిపోతుంది, తల్లిదండ్రులు వెళ్లి అక్షింతలు వేసి వస్తారు, గుంటూరులో బంధువులకు మాత్రం 'వాడింకా చేసుకోనంటున్నాడు' అనే చెబుతారు. దీన్ని కపటం అనేవాళ్లు అనొచ్చు. ఒక తరం ముందు ఆ తల్లి విమానం కూడా ఎక్కేది కాదు.

ఇంట్లోకి రావడం అంటే ఏమిటో చెప్పే కేసు ఒకదానిలో 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఒంగోలులో పెట్టిన వరకట్న వేధింపుల కేసు అది. ఫిర్యాదు చేసిన కోడలు ట్రాన్స్ మహిళ. ఆమె పిల్లల్ని కనలేదు కాబట్టి స్త్రీ కాదు, కాబట్టి 498ఎ కింద కేసు చెల్లదని అత్తింటివారి తరఫున వాదించారు. బిడ్డను కనడాన్ని స్త్రీత్వానికి కొలతగా పెట్టడం కుదరదని, ఆమె స్త్రీయే, కేసు పెట్టే హక్కు ఆమెకు ఉందని కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఫిర్యాదులో ఉన్న ఆరోపణలు చూసి, వేధింపులకు సరైన వివరాలు, ఆధారాలు లేవని, కట్నం కేసుల్లో చాలామంది కోడళ్లకు చెప్పినట్టే చెప్పి కేసు కొట్టేసింది.